మెంతి నీళ్ళ రాజీ

గంగాధరప్ప ఆ రోజు పొద్దున ఐదున్నరకే లేచి, ఇక మీదట టీ ముట్టకూడదని నిర్ణయించుకున్నాడు. నిజానికి ఆ నిర్ణయం ఆయన భార్య వనజాక్షిది. ఆయన వంతు లేవడం ఒక్కటే. ముందురోజు అనంతపురంలో డాక్టరు ఆయన్ని తూకం మీద నిలబెట్టి, తొంభై ఆరు కిలోలని చూసి, ఏం తింటావని కాకుండా ఏం తాగుతావని అడిగాడు. గంగాధరప్ప దాచుకోకుండా చెప్పాడు. పొద్దున ఇంట్లో రెండు టీలు, కంబదూరు బస్టాండులో నాలుగు, సాయంత్రం మళ్ళీ రెండు, ఎండ ముదిరితే ఒక కూల్‌డ్రింకు.

"నీ బరువులో సగం గ్లాసుల్లోంచి వచ్చిందే పెద్దాయనా" అన్నాడు డాక్టరు. "చక్కెర వేసింది ఏదీ తాగొద్దు. మంచినీళ్ళు తాగు, పల్చటి మజ్జిగ తాగు, అంబలి తాగు. మెంతులు నానబెట్టిన నీళ్ళు కూడా తాగి చూడు."

వనజాక్షికి ఇది నవ్వులాట కాదు. ఆమె మామ ఇంచుమించు ఈ వయసులోనే చక్కెర జబ్బుతో పోయాడు. మొగుణ్ణి కూడా అలా పోగొట్టుకోవడం ఆమెకు ఇష్టం లేదు. ఊరు చేరగానే టీపొడి డబ్బా పక్కింటివాళ్ళకు ఇచ్చేసింది. తెల్లారేసరికి గ్లాసెడు పచ్చటి నీళ్ళు ఆయన చేతిలో పెట్టింది.

"ఏమే, ఇంత చేదుండాది?"

"చేదుంటేనే పని చేస్తాదంట. మిగిలింది సీసాలో పోసి పెట్టినాను, యాడికి పోయినా ఎత్తుకొని పో. చక్కెర వేసింది నోట్లో పోసుకున్నావంటే నా మీద ఒట్టే."

గంగాధరప్పకు కరువంటే అంత భయం లేదు గానీ, ఒట్లంటే మహా భయం. సీసా తీసి చంకన పెట్టుకున్నాడు.

మామూలు రోజైతే ఇంతటితో సరిపోయేది. కానీ ఆ రోజు ఆయన తమ్ముడు మారుతి ఇంటికి పోవాలి. ఆరేళ్ళ కింద మారుతి, అన్న బోరుకు ఇరవై అడుగుల దూరంలో తనూ ఒక బోరు వేశాడు. దాంట్లో నీళ్ళు పడ్డాయి, నెల తిరిగేలోగా అన్న బోరు ఎండిపోయింది. అప్పటినుంచి అన్నదమ్ములకు మాటల్లేవు, ఒకరింట్లో ఒకరు గుక్కెడు నీళ్ళు తాగిందీ లేదు. వాళ్ళ మేనత్త ఓబమ్మ నెలరోజులు రెండిళ్ళ మధ్య కాళ్ళరిగేలా తిరిగి ఇద్దరినీ రాజీకి ఒప్పించింది.

ఆ ఊళ్ళో రాజీ అంటే కాగితాలూ సంతకాలూ కావు. పోయినవాడు ఆ ఇంట్లో టీ తాగాలి. తాగితే కలిసినట్టు, తాగకుండా లేచాడంటే మళ్ళీ మొదటికి వచ్చినట్టు. ఈ సంగతి గంగాధరప్పకు తెలియనిది కాదు. కానీ తమ్ముణ్ణి చూసి మొదట ఏం మాట్లాడాలా అని రాత్రంతా ఆలోచించిన మనిషికి టీ గుర్తుకు రాలేదు.

మారుతి గుమ్మంలోనే ఎదురొచ్చి, "రా అన్నా" అన్నాడు. ఆ ఒక్క పిలుపుకే గంగాధరప్ప చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఓబమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. మారుతి భార్య పద్మజ కొత్త గ్లాసులో చిక్కటి టీ తెచ్చింది. మర్యాదంతా చక్కెరలోనే ఉంటుందని ఆమె నమ్మకం.

"తాగు బావా."

"టీ మానేసినామ్మా."

మారుతి తలెత్తాడు. "ఎప్పుడు మానేసినావు?"

"ఈ పొద్దే."

ఇంతకంటే చెడ్డ జవాబు ఇంకొకటి లేదు. గంగాధరప్పకు అది చెప్పాక తెలిసింది. "డాక్టరు వద్దన్నాడప్పా" అని సర్దబోయాడు. అయితే ఇష్టం లేని ఇంట్లో టీ తప్పించుకునేవాళ్ళంతా మొదట చెప్పేది డాక్టరు పేరే.

"నిన్న మొన్నటిదాకా బస్టాండులో తాగుతానే ఉన్నావు గదా" అంది ఓబమ్మ.

పద్మజ గబగబా అంగడికి పోయి కూల్‌డ్రింకు తెచ్చి మూత తీసింది.

"అది అస్సలు వద్దమ్మా."

పద్మజ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆరేళ్ళు ఎదురుచూసిన రాజీ చెంచాడు చక్కెర దగ్గర చెడిపోయేలా ఉంది. అప్పుడు గంగాధరప్పకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. ఏ నీళ్ళ కోసం కొట్లాడుకున్నారో ఆ నీళ్ళే తాగితే, మనసులో ఏమీ లేదని తమ్ముడికి తెలుస్తుంది. డాక్టరు మాటా నిలబడుతుంది.

"మారుతీ, నీ బోరు నీళ్ళు ఒక గ్లాసు ఇయ్యప్పా. తాగుతా."

మారుతి ముఖం నల్లబడింది. అతని బోరు ఎండిపోయి అప్పటికి ఎనిమిది రోజులైంది. నామోషీకి ఆ మాట గడప దాటనివ్వలేదు. ఓబమ్మకు కూడా చెప్పలేదు.

"ఎగతాళి చేసేకి వచ్చినావా అన్నా?" అని తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, మారుతి చేను దారి పట్టాడు.

గంగాధరప్పకు తను చేసిన తప్పేమిటో అంతుపట్టలేదు. నాలుక పిడచకట్టింది. సీసా మూత తీసి రెండు గుక్కలు తాగి, ఆ చేదుకు ముఖం వికారంగా పెట్టి, బయటికి నడిచాడు.

పద్మజ ఏడుస్తూ పక్కింటి హనుమక్కతో అంది ఒక్కటే మాట: బావ మా ఇంట్లో ఏమీ ముట్టలేదు, సొంత సీసాలోది తాగి పోయినాడు, అని. హనుమక్క దాన్ని టీ అంగడి దాకా మోసింది. అక్కడివాళ్ళు తమ్ముడింట్లో మందు పెడతారేమోనని గంగాధరప్ప సొంత నీళ్ళు తెచ్చుకున్నాడని తేల్చారు. అదే మాట పది గంటల బస్సెక్కి కంబదూరు పోయింది. పన్నెండింటికి తిరిగొచ్చేసరికి దాని రూపం మారిపోయింది. ఇప్పుడది పురుగుల మందు, తమ్ముడు పెట్టింది కాదు, అన్న సీసాలోనే ఉంది.

ఎండిన బోరు పక్కన కూర్చున్న మారుతి దగ్గరికి పక్క చేని అంజినప్ప పరుగెత్తుకొచ్చాడు.

"మీ అన్న మీ ఇంట్లోనే సీసా ఎత్తి తాగినాడంట గదప్పా. పచ్చగా ఉండిందంట. ఇప్పుడు మంచం మీద పడి మూలుగుతాండాడు, నేను చూసే వస్తాండా."

మూలగడం అబద్ధం కాదు. రోజుకు ఎనిమిది టీలకు అలవాటుపడిన తల, మధ్యాహ్నానికి ఒక్కటీ అందక పగిలిపోతోంది. గంగాధరప్ప నుదుటికి తువ్వాలు బిగించుకుని అటూ ఇటూ పొర్లుతున్నాడు. కానీ ఆ కరువు సంవత్సరాల్లో అలాంటి మాట చెవిన పడ్డాక, ఎవరూ రెండోసారి అడిగి తెలుసుకునేవారు కాదు. మారుతి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు.

ఆరేళ్ళుగా తొక్కని గడప దాటి నేరుగా వంటింట్లో దూరి, చెంబెడు నీళ్ళల్లో పిడికెడు ఉప్పు కలిపి అన్న నోట్లో పోశాడు. ఉప్పు నీళ్ళ గురించి డాక్టరు ఏమీ చెప్పలేదు కాబట్టి గంగాధరప్ప సగం దాకా తాగాడు. మిగతా సగం మంచం మీద పడింది.

"కక్కెయ్ అన్నా, కక్కెయ్. నా బోరు ఎండి ఎనిమిది దినాలాయె. నువ్వు ఆ నీళ్ళే అడిగితే ఎగతాళనుకున్నా. బోరు పోతే పోనీ, నువ్వు పోతే నాకు ఎవరుండారు?"

మారుతి అన్న కాళ్ళు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గంగాధరప్ప తలనొప్పి మరిచిపోయాడు. ఈ మాట కోసం తాను ఆరేళ్ళుగా ఎంత తపించాడో ఆయనకు అప్పుడే తెలిసింది. తమ్ముడి తల నిమిరాడు.

"నీ బోరు ఎండిందని నాకు తెలీదురా. ఆ నీళ్ళు తాగితే, నాకు కోపం పోయిందని నీకు తెలుస్తాదనుకున్నా."

"మరి ఆ సీసాలో ఏముండాది?"

"మెంతి నీళ్ళు. మీ వదిన ఒట్టు పెట్టింది. బరువు తగ్గల్లంట."

మారుతి నమ్మలేదు. తన భయం పోగొట్టడానికి చెబుతున్నాడనుకుని, సీసా లాక్కుని వాసన చూశాడు. వనజాక్షి వద్దంటున్నా వినకుండా ఒక్క గుక్క తాగాడు. అతని మొహం చూసి, అప్పటిదాకా కంగారుపడుతున్న వనజాక్షి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇది తాగే బదులు ఇంకో ఆరేళ్ళు మాటల్లేకుండా ఉండేది మేలు గదన్నా" అన్నాడు మారుతి, మింగలేక కక్కలేక.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పడీపడీ నవ్వారు. అంతలో ఓబమ్మ పద్మజను వెంటబెట్టుకుని, శోకాలు పెట్టడానికి సిద్ధమై లోపలికి వచ్చింది. నవ్వుతున్న మేనల్లుళ్ళనూ సగమైన సీసానూ మార్చి మార్చి చూసి, కొంగుతో చెమట తుడుచుకుంది.

"ఇద్దరూ తాగినారా?"

"తాగినాము అత్తా."

"ఒకే సీసాలో?"

"ఒకే సీసాలోనే."

"అయితే అయిపోయింది. టీ అయితే ఎవుడైనా తాగుతాడు. ఇది తాగినోళ్ళదే అసలు రాజీ" అని తీర్పు చెప్పింది ఓబమ్మ.

అప్పటినుంచి ఆమె ఏ ఇంటి రాజీకి పోయినా ముందురోజు మెంతులు నానబెట్టుకునే పోయేది. ఆ సంగతి పాకాక ఊళ్ళో జనం తగాదాలు పెట్టుకోవడం బాగా తగ్గించారు.