జాతికి అంకితమైన పొట్ట

ఆ రోజు పొద్దున్న ఆకాశంలో మబ్బులు బాగా ఒళ్లు చేసి ఉన్నాయి. ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఆయాసపడుతూ, కదల్లేక కదులుతున్నాయి. చూసినవాళ్లంతా వాన ఖాయమనుకున్నారు. మధ్యాహ్నానికల్లా అవి ఒక్క చుక్కయినా రాల్చకుండా పక్క ఊరి మీదికి వెళ్లిపోయాయి. ఆ పొద్దున్నే, సరిగ్గా ఆ మబ్బుల కింద, తన బంగళా ముందుగదిలో కూర్చుని, పొదుపు శాఖ మంత్రిగారు చారిత్రక ప్రకటన చేశారు.

"దేశం ఒళ్లు తగ్గించుకోవాలి," అన్నారు మంత్రిగారు. "రేషన్ తగ్గించినప్పుడు నా ప్రజలు నోరెత్తలేదు. ఎత్తిన కొద్దిమందినీ పోలీసులు ఓదార్చారు. ఇప్పుడు నా వంతు. పొట్ట తగ్గే ఆపరేషన్ చేయించుకుంటున్నాను. నా జీర్ణాశయంలో ఐదింట నాలుగు వంతులు కోయించి జాతికి అంకితం చేస్తున్నాను!"

విలేకరుల కలాలు గరగరమన్నాయి. ఈ త్యాగానికి చిన్న కారణం ఉంది. అంతకు ముందు వారం శాసనసభలో మంత్రిగారు 'ప్రజలు నోరు కట్టుకుని బతకడం నేర్చుకోవాలి' అని ముగించి కూర్చోగానే కింద కుర్చీ విరిగింది. మర్నాడు పత్రికలన్నీ ఆ కుర్చీ ఫొటో వేసి, దానికి ప్రగాఢ సానుభూతి తెలిపాయి.

"కోసిన ముక్క ఎక్కడ పెడతారండీ?" అని అడిగాడు వెనక వరసలోంచి ఒక విలేకరి.

మంత్రిగారు పీఏ వైపు చూశారు.

"మ్యూజియంలో," అన్నాడు పీఏ. చప్పట్లు మోగాయి.

మంత్రిగారి కుర్చీ వెనక, ఇదీ విరక్కుండా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డవాడు ఆయన సొంత తమ్ముడు. బంగళాలో అందరూ చిన్నాయన అంటారు. మంత్రిగారు మాత్రం 'ఒరేయ్' అంటారు.

చిన్నాయనకు ఉద్యోగం ఉంది. మంత్రి అన్నాక రోజూ నాలుగిళ్ల గడప తొక్కాలి. తొక్కిన ప్రతి ఇంట్లోనూ ఎంగిలి పడాలి. పడకపోతే ఓటరు నొచ్చుకుంటాడు. కానీ ఎంత పెద్ద మంత్రికైనా దేవుడిచ్చింది ఒకటే పొట్ట. అందుకని మంత్రిగారు పెట్టిందాంట్లో ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, పళ్లేన్ని పక్కకు జరిపి, "మా తమ్ముడు తింటే నేను తిన్నట్టే," అనేవారు. ఆ పని కోసం ప్రభుత్వం 'ఆతిథ్య స్వీకరణ ప్రత్యేకాధికారి' అనే పదవి సృష్టించింది. మంత్రిగారు ఇంట్లో తినేది సొంత తిండి, చిన్నాయన ఊళ్లో తినేది సర్కారు తిండి. రెండూ సమానంగా ఒంటబట్టాయి. కొవ్వుకొక గొప్ప గుణం ఉంది. తేడాలన్నీ చెరిపేస్తుంది. చూస్తూ చూస్తూ ఉండగానే ఇద్దరి ముఖాలూ ఒకే గుమ్మడికాయకు రెండు వైపుల్లా తయారయ్యాయి. గేటు దగ్గర పోలీసు చిన్నాయనకే సెల్యూట్ కొట్టేవాడు. అతన్ని చిన్నబుచ్చడమెందుకని చిన్నాయన తిరిగి కొట్టేవాడు.

తినడం తప్ప తనకు మరో విద్య రాదని చిన్నాయనకు బాగా తెలుసు. ఆ విద్యలో మాత్రం ఎవరూ వేలెత్తి చూపలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ అన్నదమ్ములిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, బల్ల మీద రబ్బరు జీర్ణాశయం ఒకటి పెట్టి, ముందూ వెనకా జరగబోయేదంతా చెప్పింది.

"ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు ద్రవాలే తాగాలండీ. లివరు కొవ్వు పేరుకుని ఉబ్బి ఉంటుంది. అది కుంచించుకుపోతేగానీ మాకు లోపల దారి దొరకదు. చుట్టలు మానెయ్యాలి. రోజూ నడవాలి. మనసు డాక్టరుతో కూడా ఒకసారి మాట్లాడాలి."

"మనసు డాక్టరెందుకమ్మా? నాకు మనసు బాగానే ఉంది," అన్నారు మంత్రిగారు.

"తిండి పోయాక దాన్ని దేనితో నింపుకుంటారో చూడాలి కదండీ. ఆపరేషన్ రోజు సాయంత్రమే లేచి నడవాలి. తర్వాత కొన్నాళ్లు నీళ్లలాంటివి, తర్వాత చిక్కటివి, తర్వాత మెత్తగా నలిపినవి. గుక్కలు కాదు, చప్పరింపులే. తినేటప్పుడు నీళ్లు తాగకూడదు. ప్రతి ముద్దా నీళ్లయ్యేదాకా నమలాలి. తీపి తింటే చెమటలు పట్టి కళ్లు తిరగొచ్చు. కొన్నాళ్లు జుట్టు రాలుతుంది. చర్మం జారుతుంది. విటమిన్ మాత్రలు బతికినన్నాళ్లూ వేసుకోవాలి."

మంత్రిగారు శాసనసభలో ప్రతిపక్షాన్ని విన్నంత శ్రద్ధగా, కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత తెరిచారు.

"ఇవన్నీ స్వయంగా చెయ్యాలా?"

"పొట్ట మీదే కదండీ."

మంత్రిగారు నిదానంగా తల తిప్పి తమ్ముడి వైపు చూశారు. ఆ చూపు చిన్నాయనకు బాగా అలవాటే. పళ్లెం పక్కకు జరిపే ముందు చూసే చూపది.

"ఒరేయ్, నిన్న చావు పరామర్శలకి ఎవరెళ్లారు?"

"నేనే అన్నయ్యా."

"వంతెనకి రిబ్బను?"

"నేనే కత్తిరించాను."

"చూశారా డాక్టరమ్మా? మాది మొదటినుంచీ ఇదే పద్ధతి."

డాక్టరమ్మ లేచి చిన్నాయనను పరీక్షించింది. రక్తంలో చక్కెర, పైకెక్కిన బీపీ, అరిగిపోయిన మోకాళ్లు, నిద్రలో ఆగి ఆగి వచ్చే ఊపిరి, అన్నీ దొరికాయి.

"మీ అన్నగారి సంగతి వదిలెయ్యండి. ఈ ఆపరేషన్ మీకు నిజంగానే అవసరం," అంది. "కానీ ఇక్కడ రాసేది మీ పేరే, కోసేది మీ పొట్టే. బయట పత్రికలకి ఎవరేం చెప్పుకుంటారో నాకనవసరం. మీకిష్టమేనా?"

ఇష్టమేనా అని చిన్నాయనను పుట్టాక ఎవరూ అడగలేదు. ఎటు చూడాలో తెలియక అన్న వైపు చూశాడు. అన్న తలూపారు.

"ఆయన తల కాదండీ. మీ తల ఊపాలి."

"ఇది పోతే నేనింక దేనికి పనికొస్తాను డాక్టరమ్మా?" అన్నాడు చిన్నాయన నెమ్మదిగా. "తినడమే నా కొలువు."

"పిచ్చోడా," అన్నారు మంత్రిగారు తమ్ముడి భుజం తట్టి. "నీ కొలువెక్కడికీ పోదురా. నేనున్నానుగా."

చిన్నాయన తలూపాడు.

మర్నాటి నుంచి రోజుకో బులెటిన్ వెలువడింది. 'మంత్రిగారు ఈరోజు పల్చటి సూప్ మాత్రమే సేవించారు.' 'మంత్రిగారి లివరు ఆశాజనకంగా కుంచించుకుపోతోంది. దేశ ఆర్థిక వ్యవస్థ కూడా అదే బాటలో ఉంది.' బంగళా వెనక గదిలో ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చుని, ఒకరు సూప్ చప్పరించేవారు, ఒకరు కోడి తొడ పీక్కుతినేవారు.

"నేను తింటూంటే నీకు బాధగా ఉందేమిట్రా?"

"లేదన్నయ్యా."

"ఉంటే చెప్పు. అటు తిరిగి తింటాను."

ఆపరేషన్ దిగ్విజయంగా జరిగింది. సాయంత్రం చిన్నాయన వరండాలో, గోడ పట్టుకుని, పక్కన నర్సు తోడుగా నాలుగడుగులు వేశాడు. కిటికీ అవతల కార్యకర్తలు జేజేలు కొట్టారు. వాళ్ల మంత్రి ఆ సమయంలో బంగళా వెనక గదిలో కాలు మీద కాలేసుకుని రేడియోలో తన ఆరోగ్యం గురించి వింటున్నారు. చాలా బాగుందని విని సంతోషించారు.

పథకం పీఏ గీసిందే. పైకి కనిపించే పనులన్నీ చిన్నాయన చేస్తాడు. మంత్రిగారు లోపలుండి మెల్లగా, ఏ కత్తీ అక్కర్లేకుండా, నడకతో తగ్గి, తమ్ముడితో సమానమయ్యాక బయటికి వస్తారు. మంత్రిగారు మొదటి రోజు గదిలో ఆ గోడ నుంచి ఈ గోడ దాకా నడిచారు. రెండో రోజు మధ్యలో కూర్చున్నారు. మూడో రోజు నుంచి ఆ గదిలోకి తినుబండారాలే నడిచి వచ్చాయి.

బయట చిన్నాయన రోజురోజుకీ కరిగిపోతున్నాడు. చొక్కా రెండుసార్లు కుట్టించాల్సి వచ్చింది. దువ్వెన నిండా జుట్టు వచ్చేది. ఒకరోజు మొహమాటానికి మిఠాయి ముక్క నోట్లో వేసుకుని, చెమటలు పట్టి, వేదిక మీదే కూలబడ్డాడు. 'మంత్రిగారు ప్రజల కష్టాలు తలచుకుని సొమ్మసిల్లారు' అని పత్రికలు రాశాయి.

అసలు మార్పు ముఖంలో వచ్చింది. గుమ్మడికాయ లోపలినుంచి ముందు ముక్కు బయటపడింది. తర్వాత దవడ ఎముకలు. తర్వాత లోతు కళ్లు. ఆ ముఖం అందరికీ తెలిసినదే. పార్టీ ఆఫీసులన్నింట్లో గోడ మీద, దండ కింద, ఆ ముఖమే ఉంటుంది. పార్టీ పెట్టిన పెద్దాయన, ఈ అన్నదమ్ముల తండ్రి. ఆయన ఊరూరా కాలినడకన తిరిగి బక్కచిక్కి అలాగే ఉండేవాడు. త్యాగమని పార్టీ అంటుంది. అప్పట్లో పెట్టేవాళ్లు లేకే అని గిట్టనివాళ్లంటారు.

ఒక సభలో ముసలమ్మ ఒకామె జనాన్ని తోసుకుని వచ్చి చిన్నాయన రెండు చేతులూ పట్టుకుంది.

"పెద్దాయనా, మళ్లీ వచ్చావా తండ్రీ!"

కాదని చెప్పబోయాడు. పీఏ వెనకనుంచి గిల్లాడు.

ఆ వారమే పార్టీ అధ్యక్షుడు బంగళాకి వచ్చాడు. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. మంత్రిగారి భార్య మర్యాద కోసం అన్నదమ్ములిద్దరినీ బయటి గదిలో కూర్చోబెట్టింది. అధ్యక్షుడు తలుపులు వేయించి, ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"మీలో మంత్రి ఎవరు?"

"నేనేనండీ," అన్నారు అన్నగారు, కుర్చీ చేతుల మధ్య నుంచి లేవడానికి ప్రయత్నిస్తూ.

"ఆపరేషన్ ఎవరికైంది?"

"వీడికండీ."

"మంత్రిగారికైందని రోజూ బులెటిన్ ఇచ్చిందెవరు?"

"మేమేనండీ."

"ప్రభుత్వం అబద్ధమాడుతుందా?"

"ఛ ఛ. ఎంతమాట!"

"మరింకేం. ఆపరేషన్ అయినవాడే మంత్రి." అధ్యక్షుడు లేచి చిన్నాయన గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు. "ఈ ముఖాన్ని మేం ముప్పై ఏళ్లుగా గోడకి తగిలించి మొక్కుతున్నాం. దిగి వస్తే వద్దంటామా?"

"మరి నేనండీ?" అన్నారు అన్నగారు.

"మీరెవరు?" అన్నాడు అధ్యక్షుడు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

అన్నగారు పెళ్లాం వైపు చూశారు. ఆవిడ టీ కప్పులు సర్దుతోంది.

"పెద్దగా మారేదేముందండీ?" అంది. "రేపట్నుంచి కారులో వెనక సీటు మరిదిగారికి. ఈయన ముందు సీట్లో పట్టరు. దానికేదైనా చూడండి."

గది బయట అన్నగారు తమ్ముడి చెయ్యి పట్టుకున్నారు. ఆ చెయ్యి చిక్కి, ఎముక తగిలింది.

"ఒరేయ్, ఏమిట్రా ఇది? నేనింక దేనికి పనికొస్తాను?"

చిన్నాయన అన్న భుజం తట్టాడు.

"నీ కొలువెక్కడికీ పోదన్నయ్యా. నేనున్నానుగా."

కొత్త మంత్రిగారి దగ్గరికి మొదటగా మిల్లు కార్మికులు వచ్చారు. రేషన్ మళ్లీ పాత లెక్కకి తెమ్మన్నారు. ఆకలి తెలిసిన మనిషి కాబట్టి కరుణిస్తారని వాళ్ల ఆశ.

"సరిపోవడం లేదండీ. పిల్లలు అర్ధాకలితో పడుకుంటున్నారు," అంది వాళ్లలో ఒకావిడ.

చిన్నాయన ఆమె చెప్పిందంతా మనసు పెట్టి విన్నాడు. అన్నలా కళ్లు మూసుకోలేదు.

"నాకు నాలుగు చెంచాలకే నిండిపోతోందమ్మా," అన్నాడు ఎంతో ఆప్యాయంగా. "ఐదోది లోపలికి పోదు. మీరు తినడంలో ఎక్కడో పొరపాటుంది. నమలడం లేదేమో. నమలండి. నీళ్లయ్యేదాకా నమలండి."

ఆ వారమే రేషన్ మరో సగం తగ్గింది. దానితోపాటు ప్రతి ఇంటి తలుపుకీ మార్గదర్శకాలు అంటించారు. గుక్కలు వద్దు, చప్పరింపులే. తినేటప్పుడు నీళ్లు తాగరాదు. భోజనమయ్యాక నడవాలి.

డాక్టరమ్మ పరుగున వచ్చింది. "అవి కోసిన పొట్టకి చెప్పిన మాటలండీ! వీళ్ల పొట్టలు కొయ్యకుండా మొత్తంగానే ఉన్నాయి కదా!"

"తొందరపడకండి డాక్టరమ్మా," అన్నాడు కొత్త మంత్రి. "అవీ సర్దుకుంటాయి."

ఎన్నికల ముందు చిన్నాయన ఊరంతా తిరిగాడు. ఒక మధ్యాహ్నం కారు ఆ మిల్లు ఆవిడ ఇంటి ముందే ఆగింది. ఒకే గది, మూలన పొయ్యి, గోడ మీద పార్టీ పంచిన పెద్దాయన బొమ్మ. ఆవిడ ఆ బొమ్మనూ, గుమ్మంలో నిలబడ్డ మనిషినీ ఒకసారి చూసి, చాప వేసింది. ఇంట్లో ఉన్నదంతా వండింది. పెద్దమనిషి గడప తొక్కాక పెట్టకపోతే బాగుండదు.

అందరూ చాప మీద వరసగా కూర్చున్నారు. ఆవిడ, ఆవిడ భర్త, ముసలి అత్త, ఇద్దరు ఆడపిల్లలు. ఎదురుగా మంత్రిగారు. మంత్రిగారి పక్కన, రెండు చాపలు కలిపి వేసిన చోట, కొత్త ఆతిథ్య స్వీకరణ ప్రత్యేకాధికారి.

మంత్రిగారు నాలుగు చెంచాలు తిన్నారు. ఒక్కోటీ నీళ్లయ్యేదాకా నమిలారు. తర్వాత చెంచా కింద పెట్టి, పళ్లేన్ని పక్కకు జరిపారు.

"మా అన్నయ్య తింటే నేను తిన్నట్టే."

అన్నగారు పళ్లెం దగ్గరికి లాక్కున్నారు. ఖాళీ చేశారు. ఆవిడ లేచి మళ్లీ వడ్డించింది. అదీ ఖాళీ అయింది. మూడోసారి గరిట గిన్నె అడుగును గీరిన చప్పుడు వినిపించింది.

ఆవిడ వచ్చి తన పళ్లెం ముందు కూర్చుంది. ఇంటిల్లిపాదీ ఉన్న కాస్తనీ నోట్లో పెట్టుకుని, తలుపు మీద రాసినట్టే, నమలడం మొదలుపెట్టారు. చాలాసేపు నమిలారు.