బండిలో ముందు చోటు

జగ్గమ్మ వీధరుగు మీద చోళ్ళు చెరుగుతోంది. ఎండెక్కక ముందే రాగి అంబలి కాచి పొలంలో ఉన్న మామకు పంపాలి. చేతులు చేట మీదున్నా, మనసు మాత్రం తోడికోడలు భాగ్యవతి మీదే ఉంది.

భాగ్యవతి మొగుడు అప్పలస్వామి సైన్యంలో ఉన్నాడు. కిందటి పంచాయితీ ఓట్లకు ఆడవాళ్ళంతా బండిలో వెళ్తుంటే, సిపాయి పెళ్ళామని భాగ్యవతినే ముందు కూర్చోబెట్టారు. పెద్దకోడలైన జగ్గమ్మ వెనక గడ్డిలో కూర్చుంది. ఆ గడ్డి ఆమెకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

అంతలో ఊరికి కొత్తగా వచ్చిన జగన్నాధం మేష్టారు ఓటర్ల పేర్లు రాసుకోవడానికి వచ్చాడు. వచ్చే ఏడాది ఢిల్లీ ఓట్లు. జగ్గమ్మ ఇంట్లో మగవాళ్ళ పేర్లు చెప్పి, మరిది సైన్యంలో ఉన్నాడంది.

"మీ మరిది పేరు ఇక్కడ రాయకూడదమ్మా. సైన్యంలో ఉన్నవాళ్ళకి వేరే జాబితా. ఓటు కాగితం వాళ్ళున్న చోటికే తపాలాలో వెళ్తాది. పెళ్ళాం కూడా అక్కడే కాపురముంటే ఆవిడదీ అంతే. ఇక్కడుంటే ఇక్కడే రాస్తాను. ఎక్కడుంది?"

చేట ఆగింది. ఇక్కడ పేరు లేకపోతే ఓటు లేదు. ఓటు లేకపోతే బండిలో చోటూ లేదు.

"మొగుడికాడే ఉన్నాది బాబూ. ఎళ్ళి సేన్నాళ్ళయింది."

సరిగ్గా అప్పుడే భాగ్యవతి గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"ఈవిడెవరు?"

"మా పిన్ని కూతురు బాబూ. సుట్టపుసూపుకొచ్చింది."

"చుట్టానికి ఇంత మోపా?"

"ఊరికే కూకోమంటే ఇనదు బాబూ. దాని గుణమే అంత."

భాగ్యవతి తోడికోడల్ని ఒకసారి, మేష్టార్ని ఒకసారి చూసింది. మోపు దించి లోపలికి పోయింది.

మేష్టారు దారిలో మామ నరసింగరావుకు ఎదురై, చిన్నకోడల్ని కాపురానికి పంపి మంచి పని చేశావని మెచ్చుకున్నాడు. నరసింగరావు సర్కారు మనిషి కనిపిస్తే గట్టు దిగి నిలబడే రకం. తలూపేసి, పరుగున ఇంటికొచ్చాడు.

"ఒలే జగ్గీ! సిన్నకోడలు ఊర్లో నేదని మేష్టారుకి ఎవులు సెప్పారే? నానూ తలూపీసినాను. సర్కారు కాగితంలో అబద్ధమంటే జైలే! పద, ఎళ్ళి దిద్దించీసుకుందాం. ఎవులు సెప్పారో ఆయనే సెప్తారు."

జగ్గమ్మ గబుక్కున లేచి దారికి అడ్డం నిలబడింది.

"దిద్దించడమేటి మావా! దాన్ని నిజంగానే పంపీసీ. అబద్ధం నిజమైపోతాది."

"కోతలకి ఎవులుంతారే?"

"నానున్నాను కదా మావా."

క్వార్టర్సు దొరికింది, పంపండని అప్పలస్వామి రెండేళ్ళుగా రాస్తూనే ఉన్నాడు. కోతలు కానీ అని మామా, ఊడ్పులు కానీ అని జగ్గమ్మా అడ్డు పడుతూనే ఉన్నారు. ఇప్పుడు ఆ జగ్గమ్మే మామ కాళ్ళావేళ్ళా పడింది. జైలు తలచుకుని మామ సరేనన్నాడు.

మర్నాడు ఆముదాలవలస స్టేషనుకు బండి కట్టారు. పిలిచీ పిలవకముందే భాగ్యవతి రేకుపెట్టెతో గదిలోంచి వచ్చింది.

"ఇంత బేగి పెట్టెప్పుడు సర్దేవే?"

"మేష్టారు ఎళ్ళిన పూటే అక్కా."

"మరి ఆ పూట నోరెందుకు ఇప్పనేదే?"

భాగ్యవతి నవ్వింది. తన కొడవలీ, చేటా, గడ్డిమోపు కట్టే తాడూ తెచ్చి తోడికోడలి ఒడిలో పెట్టింది. పెట్టె అందుకుని గడప దాటింది.

బండిలో ముందే కూర్చుంది.