కొమ్మల్లేని మొక్కకు శాఖ పేరు

మొక్క మొలవడానికి కాస్త నీరు, కాస్త నీడ, గుప్పెడు మట్టి చాలునని లోకం ఇన్నాళ్లూ అపోహపడింది. మొక్కల నమోదు శాఖ ఆమోదించనిదే ఏ మొక్కా మొలిచినట్టు కాదని ఆ శాఖ నిబంధనావళి మొదటి పేజీలోనే ఉంది. (మొక్కలు దాన్ని చదవకపోవడం వాటి తప్పు.)

కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరమ్మ కూడా చదవలేదు. వానలు వెనకబట్టాక ఒకరోజు అక్కను తోడు తీసుకుని వాగు వెంట వెళ్తుంటే, అక్క కాలు జారి తడిబండను కరుచుకుని పడింది. దోక్కుపోయిన మోకాలి సంగతి వదిలేసి, చెయ్యి వాసన చూసుకుని, "ఇదేంటే, మిరియాల వాసనొస్తోంది?" అంది.

చేతికింద నలిగిన ఆకు బొటనవేలి గోరంత ఉంది. దళసరిగా, అడుగున ఎర్రగా. కొమ్మల్లేని కాడ, దాని కొసన ఎలుకతోకలాంటి కంకి. మిరియాల కుటుంబమని చెల్లెలు చూడగానే పోల్చుకుంది. ఏ జాతో మాత్రం ఏ పుస్తకమూ చెప్పలేకపోయింది. వాగు పొడవునా వెతికితే, ఆ ఒక్క బండ మీద చాపంత మేర తప్ప ఇంకెక్కడా లేదు. రాళ్లు కొట్టేవాళ్లు అప్పటికే వాగు మలుపు దాకా వచ్చేశారు. వాళ్లను ఆపాలంటే మొక్కకు రక్షణ కావాలి, రక్షణ కావాలంటే నమోదు కావాలి.

శాఖవారి యాప్‌లో మొక్క పేరును జాబితాలోంచి ఎంచుకోవాలి. కొత్త మొక్క జాబితాలో ఎలా ఉంటుందని ఆమె గుమాస్తాను అడిగింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "కొత్త మొక్కలన్నీ జాబితాలో ఉన్నాయండీ. అందులో లేదంటే మీది ఇంకా కొత్తది కాలేదన్నమాట," అన్నాడు. ఆమె కాగితం దరఖాస్తు పుచ్చుకుని, ఎక్కడ సంతకం పెట్టాలని మాత్రమే అడిగింది.

పూల రంగు దగ్గర 'ఈ కుటుంబం పూలకు రేకులుండవు' అని రాస్తే, వివరాలు అసంపూర్తి అని దరఖాస్తు తిరిగొచ్చింది. రేకులు వచ్చాక మళ్లీ పెట్టుకొమ్మన్నారు. మొక్క శాశ్వత చిరునామాకు రుజువడిగారు. పక్కనున్న నాచు చేత సాక్ష్యం ఇప్పించాలా అని ఆమె విసుక్కుంటే, నాచు నమోదై ఉంటే అభ్యంతరం లేదన్నారు.

చివరికి పేరు దగ్గర బండి ఆగింది. ఆమె అక్క పేరు పెడదామనుకుంది. పదిమందికి బట్టలు కుట్టి చెల్లెల్ని చదివించిన మనిషి. డైరెక్టరుగారు నొచ్చుకున్నారు.

"శాస్త్రంలో బంధుప్రీతి పనికిరాదమ్మా," అని, గొంతు తగ్గించి, "మా అత్తగారి పేరు చాలా శాస్త్రీయంగా ఉంటుంది," అన్నారు.

దానిమీద ఒక ఉపసంఘం కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని, ఎవరి మనసూ నొప్పించకుండా ఆ కొమ్మల్లేని మొక్కకు శాఖ పేరే ఖాయం చేసింది. చెల్లెలి మొహం చూసి, "పోన్లేవే, బతికితే చాలు. నన్ను పిలిస్తే పలుకుతాను, అది పలుకుతుందా ఏమిటి?" అని అక్క సర్దిచెప్పింది.

రక్షణ ఉత్తర్వు వెంటనే వచ్చింది. శాఖవారు అనుకుంటే ఇంత వేగంగా పనిచేయగలరని ఎవరూ ఊహించలేదు. రాళ్లు కొట్టేవాళ్లను వాగు దాటించారు. అక్కాచెల్లెళ్లు సంబరంగా చూడబోతే, వాగు ఒడ్డున మనిషెత్తు బోర్డు నిలబడి ఉంది: 'అరుదైన మొక్క. ముట్టరాదు.' పునాది గట్టిగా ఉండాలని ఆ బండనే పగలగొట్టి, సిమెంటు పోసి, దానిమీద నిలబెట్టారు. అక్క చెప్పులు విడిచి, సిమెంటు చుట్టూ తడిమట్టిని చాలాసేపు వేళ్లతో వెతికింది.

ఆ ఏడు శాఖ తన నివేదికలో ఈ పథకాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించింది. బోర్డు పెట్టిన నాటినుంచి ఆ మొక్కను ఒక్కరంటే ఒక్కరు కూడా ముట్టలేదట.