బయటికి దారి లేని బొరియ

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న ఆట ఉండేది. ఆట చిన్నదే గాని అడవి అడవంతా దాని చుట్టూనే తిరిగేది.

ఆ ఆటను తవ్వింది పోలయ్య అనే ముళ్లపంది. కొండ కింద చీకటి బొరియ అది. ఈ పక్కన దూరాలి, తప్పుదారులు తప్పించుకుంటూ ఏడు మలుపులు దాటాలి, ఆ పక్కన వాగు ఒడ్డున తేలాలి. తేలినవాళ్లు వాగులోంచి ఒక గులకరాయి తీసి అక్కడున్న కుప్ప మీద పెట్టుకోవచ్చు. బహుమతి అంటారా, పోలయ్య చేత్తో ఇచ్చే ఒక ఇప్పపువ్వు.

పోలయ్య రోజూ ఆ చివరే కూర్చునేవాడు. ఎవరైనా మట్టికొట్టుకుపోయిన ముఖంతో బయటికి తల పెడితే ఆ ముఖం చూడటమే ఆయనకు కూలి. పదేళ్లలో కుప్ప మీద నలభై మూడు రాళ్లు చేరాయి.

గవరమ్మ అనే ముంగిస మూడేళ్లుగా ఆ ఆట ఆడుతోంది. ఆరు మలుపులు కళ్లు మూసుకుని దాటేసేది. ఏడో మలుపు దగ్గర నాలుగు కన్నాలు ఉంటాయి, లోపల ఒక్కొక్కటీ మళ్లీ పది దారులుగా చీలిపోతుంది. ఏ కన్నంలో దూరినా రొప్పుకుంటూ, గోళ్లతో గీరుకుంటూ పరుగెత్తి, చివరికి బయల్దేరిన చోటికే వచ్చి పడేది.

"తాతా, ఒక్క గుర్తు చెప్పు. వచ్చే జన్మలో నీ కడుపున పుడతాను."

"చెబితే గెలుపు నీది కాదు, నాది అయిపోతుంది. గుర్తు అక్కడే పెట్టానమ్మా. నువ్వే తొందరపడుతున్నావు" అనేవాడు పోలయ్య.

గవరమ్మ ఆయన్ని, ఆయన ముళ్లని, ఆయన వంశాన్ని తిట్టుకుంటూ ఇంటికి పోయేది. మర్నాడు పొద్దున్నే మళ్లీ హాజరు. ఆ కుప్ప మీద తన రాయి ఒకటి ఉండాలి. ఆవిడకు మిగిలిన కోరికలన్నీ దాని తర్వాతే.

నలుగురు ఒకచోట సంతోషంగా ఉంటే అడవి పెద్దలకు నిద్ర పట్టదు కదా. వెంటనే 'ఆటల అభివృద్ధి మండలి' ఏర్పాటైంది. వరహాలు అనే అడవిపంది పుట్టి బుద్ధెరిగాక ఆ బొరియలో కాలు పెట్టలేదు. పక్షపాతం ఉండదని ఆయన్నే అధ్యక్షుణ్ని చేశారు. సలహాదారుగా పొరుగడవి నుంచి నరహరి అనే నక్కను పిలిపించారు. అక్కడ మూడు ఆటలను అభివృద్ధి చేసిన అనుభవం ఆయనది. ఆ మూడు ఆటలూ ఇప్పుడు ఎక్కడున్నాయని ఎవరూ అడగలేదు.

మొదటి సమావేశంలో నరహరి లేచాడు.

"అధ్యక్షా, ఈ ఆటలో ఒక ఘోరమైన లోపం ఉంది. దీనికి చివర ఉంది."

"ఉంటే ఏమవుతుంది?"

"గెలిచినవాడు ఇంటికి పోతాడండి. పోయినవాడు మళ్లీ రాడు. అలా నలభై మూడు మందిని మనం చేజేతులా పోగొట్టుకున్నాం."

వరహాలు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "అయ్యో! మరి ఏం చేద్దాం?"

"చివర మూసేద్దాం."

పోలయ్య వెనక వరసలోంచి లేచాడు. "చివర లేకపోతే అది ఆట ఎలా అవుతుంది బాబూ?"

"ఆట అని ఎవరన్నారు తాతగారూ? ఇకమీదట ఇది సేవ" అన్నాడు నరహరి.

అందరూ చప్పట్లు కొట్టారు. సేవ అంటే ఏమిటని తాబేలు అడగబోయింది గాని, అది లేచేసరికి సమావేశం అయిపోయింది.

వాగు ఒడ్డున దారిని మట్టితో పూడ్చేశారు. కొత్తవాళ్లు తికమకపడకుండా మలుపు మలుపునా సున్నంతో బాణం గుర్తులు వేశారు. బాణాలన్నీ తిరిగి తిరిగి ఒక గదికి చేరతాయి. అక్కడ మూతవేసిన దొన్నెలు ఉంటాయి. మూడు పళ్లు ఇస్తే ఒక దొన్నె. లోపల తేనె ఉండొచ్చు. ఇంతవరకు అందరికీ ఎండుటాకులే వచ్చాయి. చీకట్లో విసుగు పుట్టకుండా దారి పొడవునా కప్పల మేళం పెట్టారు. రోజూ వచ్చేవాళ్ల తోకకు ఎర్రదారం కడతారు, ఒక్కరోజు రాకపోతే విప్పేస్తారు. ఆ దారం ఎందుకో తెలియదు గాని, అది పోతుందేమోనన్న భయంతో ఉడుతలు జ్వరంతో కూడా వచ్చేవి.

కుందేలు అడవికి ఆటల సమీక్షకుడు. ఆయన గుట్టెక్కి "పదికి పది!" అని చాటాడు. అప్పటికి ఆయన లోపలికి వెళ్లలేదు. మండలి పంపిన లేతగడ్డి మాత్రం ఇంటికి చేరింది.

గవరమ్మ తిన్నగా మండలికి వెళ్లింది.

"బాణాలు వేస్తే ఇంక నేనెందుకు? ఆ బాణాన్నే ఆడమనండి!"

"కష్టంగా ఉందంటున్నారమ్మా" అన్నాడు వరహాలు.

"కష్టం కోసమే కదయ్యా వచ్చేది! సుఖం కావాలంటే ఇంట్లో పడుకునేదాన్ని."

"నచ్చకపోతే ఆడొద్దు" అన్నాడు నరహరి నవ్వుతూ.

"అదే చేతకావడం లేదు" అంది గవరమ్మ.

అది నిజం. తిడుతూనే రోజూ వెళ్లేది. రోజూ వస్తోంది కాబట్టి మండలి చిట్టాలో ఆవిడ పేరు 'మిక్కిలి తృప్తిగా ఉన్నవారు' అన్న వరసలో మొదట ఉండేది. బాణాల వైపు చూడకుండా ఆరు మలుపులు దాటి, ఏడో మలుపు దగ్గర కూర్చుని ఏడ్చేది. దారి దొరికినా ఇక అవతల ఉన్నది మట్టిగోడే. ఆవిడ రాయి ఆ కుప్ప మీదికి ఎప్పటికీ ఎక్కదు.

గోడకు అవతల పోలయ్య కూడా రోజూ వచ్చి కూర్చునేవాడు. ఎవరూ రారని తెలుసు. కాళ్లు అలవాటుగా అక్కడికే తీసుకొచ్చేవి. లోపలి కప్పల గోల వింటూ పొద్దు గడిపేవాడు.

తరువాత నరహరికి ఇంకో ఆలోచన వచ్చింది. బొరియను పదింతలు వెడల్పు చెయ్యాలి. పేరు 'మహాబొరియ'. వానలకు ముందే తెరుస్తామని ఒక్క బుట్ట మట్టి తియ్యకముందే దండోరా వేయించాడు. చూడకుండానే సగం అడవి పళ్లు కట్టేసింది.

తెరిచే ముందురోజు పోలయ్య వచ్చి పైకప్పు తట్టి చూశాడు. "ఇంకా పచ్చిగా ఉంది బాబూ. పక్షం రోజులు ఆగండి. కప్పుకు కర్రలు ఊతం పెట్టాలి."

"ముందు తెరుద్దాం తాతగారూ. కూలిన చోట తర్వాత అతుకులు వేద్దాం."

"కూలేటప్పుడు కింద ఎవరైనా ఉంటే?"

"ఉండాలండి. లేకపోతే కూలిందని మనకు ఎవరు చెబుతారు?"

మర్నాడు మండలి మండలంతా దండలు వేసుకుని లోపలికి నడిచింది. ముందు వరహాలు, వెనక నరహరి, ఆ వెనక కుందేలు. ఎర్రదారం పోతుందని కాదు గాని, అలవాటు మానలేక గవరమ్మా వెళ్లింది. అందరూ లోపలికి వచ్చాక వరహాలు గుమ్మం గోడకు ఒక్కసారి వీపు రుద్దుకున్నాడు. కప్పు ఆ గౌరవాన్ని తట్టుకోలేకపోయింది. గుమ్మం వాళ్ల వెనక కూలిపోయింది, అందరూ లోపల చిక్కుకుపోయారు.

"భయపడకండి. బాణాలున్నాయి" అన్నాడు నరహరి.

బాణాల వెంట వెళ్లారు. దొన్నెల గది వచ్చింది. మళ్లీ వెళ్లారు. మళ్లీ దొన్నెల గది. మూడోసారి వరహాలు ఆశ చావక ఒక దొన్నె మూత తీశాడు. ఎండుటాకు. గాలి బరువెక్కుతోంది. కుందేలు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు.

"ఒకందుకు మంచిదే. ఒక్క ఆటగాడు కూడా బయటికి పోలేదు" అన్నాడు నరహరి. పాపం, అలవాటు.

వరహాలు చీకట్లోనే చేతులు జోడించాడు. "అమ్మా గవరమ్మా! నీకు దారి తెలుసంటారు..."

"ఆరు మలుపులే తెలుసు. ఏడోది తెలీదు. దాని అవతల మూసింది మీరే. తోకలు పట్టుకుని రండి."

ఏడో మలుపు దగ్గర నాలుగు కన్నాలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. గవరమ్మకు పరుగెత్తాలనిపించింది. వెనక ఇంతమంది తోకలు పట్టుకుని వేలాడుతుంటే పరుగెక్కడ? నిలబడిపోయింది. తొందరపడుతున్నావు అన్న పోలయ్య మాట అప్పుడు తగిలింది. మూడేళ్లలో ఆవిడ ఆ చోట ఒక్క క్షణం కుదురుగా నిలబడి ఎరగదు. ఏడ్చేటప్పుడు కూర్చుంది గాని అప్పటికే కప్పలు వచ్చేశాయి.

"ముందు ఆ కప్పల నోళ్లు మూయించండి!"

"అధ్యక్షులవారి ఉత్తర్వు ఉండాలి" అన్నాయి కప్పలు.

"ఉత్తర్వే! నోర్ముయ్యండి!" అని వరహాలు గావుకేక పెట్టాడు.

బొరియ నిశ్శబ్దమైపోయింది. మూడో కన్నంలోంచి, సన్నగా, మట్టిగోడ పగుళ్లలోంచి వాగు చప్పుడు వినబడింది. గలగల గలగల. మూడేళ్లుగా అది అక్కడే ఉంది.

"ఇదా తాతా!" అంది గవరమ్మ. నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియలేదు.

గోడకు అవతల పోలయ్య ఉలిక్కిపడి లేచాడు. ఇన్ని నెలల్లో మొదటిసారి కప్పలు ఆగిపోయాయి. అంటే లోపల ఎవరో వింటున్నారు. ముసలి గోళ్లతో మట్టి తవ్వడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు వెంటే గోడదాకా వచ్చిన గవరమ్మ ఇటునుంచి గీరుతోంది. కాసేపటికి గోడకు కన్నం పడింది, వెలుగు వచ్చింది, మట్టికొట్టుకుపోయిన ముంగిస ముఖం ఒకటి బయటికి వచ్చింది.

పోలయ్య ఆ ముఖాన్ని తనివితీరా చూశాడు. తరువాత ముళ్ల మధ్య దాచుకున్న ఎండిన ఇప్పపువ్వు తీసి ఇచ్చాడు. గవరమ్మ వాగులో దిగి, చాలాసేపు ఎంచి, ఒక తెల్లరాయి తెచ్చి కుప్ప మీద పెట్టింది. నలభై నాలుగు.

వరహాలు కూడా ఒక రాయి పట్టుకొచ్చాడు.

"తమరు దారి కనిపెట్టలేదండి, తోక పట్టుకున్నారు" అన్నాడు పోలయ్య మర్యాదగా.

మర్నాడు దండోరా మోగింది. ఆటగాళ్ల అభిప్రాయాలను శిరసావహించి, ఏ అడవిలోనూ కనీవినీ ఎరుగని ఒక కొత్త సదుపాయాన్ని మండలి ప్రవేశపెడుతోంది: బయటికి దారి. వాడుకోదలచినవారు ఆరేసి పళ్లు తెచ్చుకోవలెను. కుందేలు గుట్టెక్కి "పదికి పదకొండు!" అన్నాడు. నరహరికి సన్మానం జరిగింది.

సన్మానానికి గవరమ్మ రాలేదు. ఇంటి గుమ్మంలో ఎండలో కాళ్లు చాపుకుని నిద్రపోతోంది. మండలి చిట్టాలో ఆవిడ పేరు కొట్టేసి, పక్కన 'పోగొట్టుకున్నాం' అని రాశారు.

నీతి: దారి కనిపెట్టినవాళ్లకు ఒక పువ్వు చాలు, తాము మూసిన దారిని తామే తెరిచామన్నవాళ్లకైతే సన్మానం చెయ్యాలి.