ప్రొఫెసర్ డ్వోరాక్ ఉపవాసం

శుక్రవారం పొద్దున రేమండ్ డ్వోరాక్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. టిఫిను, పేపర్లు దిద్దడం, సాయంత్రం చర్చి కింది హాల్లో చేపల విందులో ఉపన్యాసం. ఒహాయోలోని ఆ చిన్న ఊళ్లో ముప్పై ఏళ్లుగా ఆయన సహజ ధర్మశాస్త్రం బోధిస్తున్నారు. మాట ఉన్నది నిజం చెప్పడానికేననీ, ప్రాణం పోతున్నా అబద్ధమాడకూడదనీ ఆయన పాఠం. అందుకే ఊళ్లో ఎవరూ ఆయన్ని ఒక మాట రెండుసార్లు అడగరు.

ఉపన్యాసం కొత్త బిల్లు మీద. నయంకాని రోగి కోరితే ప్రాణం తీసే మందు ఇవ్వవచ్చంటుంది ఆ బిల్లు. అది అధర్మమని డ్వోరాక్ గారి వాదన. ఆయన కూతురు మోనికా, చివరి రోజుల్లో ఉన్న రోగులను చూసుకునే నర్సు, ఆ బిల్లుకే ఓటంటుంది. దాని మీద గొడవపడి తండ్రీకూతుళ్లు నాలుగు నెలలు మాట్లాడుకోలేదు. నిన్న తనే ఫోన్ చేసింది.

"నీ వాదన ఒక్క ముక్క కూడా నాకు నచ్చదు నాన్నా. కానీ నువ్వు అబద్ధమాడవు. అందుకే రేపు వినడానికి వస్తున్నా."

ఆ సంతోషంలో ఆయన గుడ్లు వేయించుకుని, పక్కన మూడు పంది మాంసం ముక్కలు కూడా లాగించారు. మూడోది గొంతు దిగాక గుర్తొచ్చింది. ఈస్టరుకు ముందొచ్చే తపస్సుకాలపు శుక్రవారం! మాంసం ముట్టకూడదు! అంతలో గంట మోగింది. గుమ్మంలో చర్చి మహిళా సంఘం పెద్ద లొరెట్టా, చేతిలో రొట్టెలతో.

"ఏమన్నా తిన్నారా ప్రొఫెసర్ గారూ?"

తినలేదంటే అబద్ధం. తిన్నానంటే ఇల్లంతా మాంసం వాసన. డ్వోరాక్ గారు తలుపు కాస్త దగ్గరగా వేసి నిలబడ్డారు. "ఈ రోజు నా తిండి సంగతి దేవుడికీ నాకూ మధ్య విషయమమ్మా."

ప్రతి అక్షరం నిజమే. లొరెట్టా కళ్లు చెమర్చాయి. "బిల్లు కోసం కదూ?" అని రొట్టెలతో సహా వెనక్కి తిరిగింది.

మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకింది, బిల్లుకు వ్యతిరేకంగా ప్రొఫెసర్ గారు ఉపవాసం పట్టారని. ఆయన క్లాసు పిల్లలు ఇరవైమంది పస్తున్నారు. పత్రిక నుంచి ఫోను. "ఎన్నాళ్లు చేస్తారండీ?" "ఉపవాసమని నేనెవరితోనూ అనలేదే!" "అబ్బ, ఎంత వినయం!" అని రాసుకున్నాడు విలేఖరి. నిజం చెప్పేందుకు నోరు తెరిచినప్పుడల్లా పరువు అడ్డం పడేది. ఇంకో నిజమైన వాక్యం అల్లి వదిలేవారు.

సాయంత్రం హాల్లో నూటయాభై మంది. వేయించిన చేపలు చల్లారిపోతున్నా ఒక్కరూ ముట్టడం లేదు. వంటవాళ్లు గరిటెలు పట్టుకుని ఆయన్నే కొరకొరా చూస్తున్నారు. పన్నెండు గంటల డ్యూటీ దిగి వచ్చిన మోనికా ముఖం పీక్కుపోయి ఉంది.

"నువ్వైనా తినమ్మా," అన్నారాయన హీనస్వరంతో.

"బిల్లు సంగతి వేరు. నువ్వు పస్తుంటే నాకు ముద్దెలా దిగుతుంది నాన్నా?"

అంతే. ఆయన మైకు దగ్గరికి వెళ్లారు. "పొద్దున పంది మాంసం తిన్నాను. మూడు ముక్కలు. మీరందరూ నావల్ల పస్తున్నారు. సిగ్గుగా ఉంది. క్షమించండి."

వెనక నుంచి ఫాదర్ టిబర్ నవ్వు వినిపించింది.

"ఏమయ్యా రేమండ్, ఇవాళ మార్చి పందొమ్మిదో తేదీ, ఏసు పెంపుడు తండ్రి జోజప్పగారి పండుగ! ఇంత పెద్ద పండుగ శుక్రవారం పడితే మాంసం నిషేధం ఉండదు. పోయిన ఆదివారం పూజలో గొంతు చించుకుని చెప్పాను. నువ్వేమో మూడో వరసలో కూర్చుని పేపర్లు దిద్దుకుంటున్నావు!"

హాలు గొల్లుమంది. జనం చేపల మీద పడ్డారు. డ్వోరాక్ గారు మాత్రం నిలబడిన చోటే ఉండిపోయారు.

"అయితే మాంసం తప్పు కాదన్నమాట," అంది మోనికా మెల్లగా. "తర్వాత చెప్పినవే తప్పు."

ఒక్క అబద్ధం కూడా ఆడలేదమ్మా అనబోయి, ఆయన ఆ మాటను మింగేశారు. తల దించుకున్నారు.

ఆమె ఒక పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. "ఆకలేస్తోందా?"

"వేస్తోందమ్మా."

"నిజంగా?"

ముప్పై ఏళ్లలో ఆయన్ని ఎవరైనా ఒక మాట రెండుసార్లు అడగడం అదే మొదలు.