బ్రేకు నొక్కి చూడటం అమర్యాద

పాత మోటారుసైకిలు కొనబోతూ దాన్ని పరీక్షించేవారంత అమర్యాదస్తులు లోకంలో లేరు! కాన్వెంటులో క్రమశిక్షణ నేర్చుకున్నదాన్ని, తొందరపడి మాట తూలను.

నా మనవరాలు ఆసుపత్రిలో నర్సు. మొదటి బస్సు రాకముందే డ్యూటీలో ఉండాలి. దారిలో నిట్టనిలువుగా దిగే వాలు, దాని చివర నాలుగు రోడ్ల కూడలి. బండి తప్పదని ఇద్దరం సెకండ్ హ్యాండ్ బళ్ల షెడ్డుకు వెళ్లాం.

ఎంత ఆదరణ! మేము అడుగుపెట్టేసరికే, మాకు చూపించబోయే బండి ఇంజను వేడిగా ఉంది. చల్లగా ఉంటే ఎన్ని కిక్కులు కొట్టినా మొరాయిస్తుందన్న బాధ మాకెందుకని, షెడ్డు నడిపే పెద్దమనిషి ముందే వేడిచేసి ఉంచాడు. ఈ రోజుల్లో చుట్టాలకు వేణ్నీళ్లయినా ఎవరు కాచిపెడుతున్నారు?

టైర్లు నున్నటి గుండులా మెరుస్తున్నాయి. గాట్లుంటే రోడ్డుకు నొప్పి కాదూ! చైను వదులుగా వేలాడుతోంది. దేన్నీ బిగించి కట్టెయ్యకూడదన్న ఉదారభావం! సైలెన్సరులోంచి నీలం పొగ. ఇంజనులో ఆయిలు కాలుతోందని అపార్థం చేసుకోకండి; వెనక వచ్చేవారికి నీడ పట్టడమంటారు దాన్ని.

నా మనవరాలికే సంస్కారం తక్కువ. బ్రేకు నొక్కింది.

“అంకుల్, ఇది పట్టట్లేదండీ.”

“అలవాటైతే అదే పడుతుంది తల్లీ,” అని ఆయన నావైపు తిరిగాడు. “చూశారా మామ్మగారూ, ఈ కాలం పిల్లలకి నమ్మకమే లేదు. సొంత బిడ్డలా చూసుకున్న బండి ఇది!”

సిగ్గుతో నా తల వాలిపోయింది. వ్యాపారానికి నమ్మకం ప్రాణం. బ్రేకుకూ ప్రాణానికీ సంబంధమేమిటి?

అసలు నేను చెప్పిన ఆ వాలు మొదలయ్యేది షెడ్డు గుమ్మంలోనే. లోపల ఆయన కూతురు కాలేజీ బ్యాగు సర్దుకుంటోంది. జరిగిన అపచారానికి పరిహారంగా నేనే ఒక మాటన్నాను.

“మీ అమ్మాయిని ఎక్కించుకుని కూడలి దాకా ఒక్కసారి దిగి రండి నాయనా. మీ నమ్మకాన్ని కళ్లారా చూసి తరిస్తాం.”

“పద నాన్నా, నాకూ లేటవుతోంది!” అంటూ ఆ పిల్ల ఎక్కి కూర్చుంది.

ఆయన వాలు వంక చూశాడు. కూతురి వంక చూశాడు. తర్వాత... పాఠకులారా, చెప్పడానికి నోరు రావడం లేదు. ఆ పెద్దమనిషి స్వయంగా వంగి బ్రేకు నొక్కి చూశాడు!

“దిగమ్మా,” అన్నాడు మెల్లగా. “బస్సులో వెళ్దువుగాని.”

ఆ పిల్ల వెంటే మేమూ బస్ స్టాపుకు నడిచాం. న్యాయం ఎంత చక్కగా పంచాడో చూశారా! ఆయన కూతురికి బస్సు, నా మనవరాలికి నమ్మకం.