కల్నల్ విట్‌కోంబ్ మనవాడే

"కల్నల్ ఎజ్రా విట్‌కోంబ్ మనవాడే!" అని అమెరికాలోని మా క్యారీ ఊరి తెలుగు బృందం అధ్యక్షులు గౌరీశంకర్ గారు 2011 వేసవిలో, కార్యవర్గ సమావేశంలో, ఇడ్లీలు ఇంకా రాకముందే ప్రకటించారు. ఇంతటి చారిత్రక సత్యాన్ని ఖాళీ కడుపుతో కనిపెట్టగల నాయకుడు మరొకరు లేరని కార్యదర్శిగా నేను మినిట్స్‌లో రాసుకున్నాను.

కల్నల్ గారు పోయి వందేళ్లు దాటింది. ఈ చుట్టుపక్కల పొగాకు తోటలన్నీ ఒకప్పుడు ఆయనవే. ఒక పార్టీలో సెనేటర్‌గా గెలిచి, ఇంకో పార్టీలో ఓడి, మూడో పార్టీలో చేరబోతూ కాలం చేశారు.

"మనవాడని ఎలా తేలింది సార్?" అన్నాను.

"పొగాకు వేశాడా లేదా? ఎలక్షన్లో నిలబడ్డాడా లేదా? పార్టీ మారాడా లేదా? ఇంకేం కావాలయ్యా నీకు, కుల ధ్రువీకరణ పత్రమా?"

"ఆయన దగ్గర బానిసలు ఉండేవాళ్లట..."

"పాలేర్లు అనవయ్యా. మా తాతగారికీ ఉండేవాళ్లు. ఎంత ప్రేమగా చూసుకునేవారనీ!"

ఎంత ప్రేమగా చూసుకున్నారో నాకు తెలుసు, మాదీ ఆ పక్క ఊరే. ఒళ్లు మండింది. అయినా మినిట్స్‌లో 'ప్రేమ' అనే రాశాను.

ఇందులో సార్ స్వార్థం ఇసుమంతైనా లేదు. ఆయన టౌన్ కౌన్సిల్‌కి పోటీ చేస్తున్నారు. ఊళ్లో పాత తెల్లవాళ్ల కుటుంబాల ఓట్లు పడాలి. ఆ కుటుంబాలకి కల్నల్ అంటే మహా గురి. అంతే.

పైగా ఆయన సిద్ధాంతం కోసం ఇంట్లోవాళ్లని కూడా లెక్కచేసే మనిషి కాదు. దానికి ముందు వారమే కూతురు అనన్య, హాస్పిటల్లో తనతో పనిచేసే డాక్టర్‌ని పెళ్లి చేసుకుంటానంది. "మనవాడేనా?" అన్నారు. "కాదు డాడీ" అంది. "అయితే పేరు కూడా చెప్పకు. వాణ్ణి చేసుకుంటే నాకు కూతురే లేదనుకుంటా" అన్నారు. అనన్య ఏడ్చింది. తల్లి కనకదుర్గ గారు అన్నం మానేశారు. సార్ మాత్రం రెండు పూటలా తిన్నారు, ప్రచారానికి ఓపిక కావాలి కదా.

కల్నల్ జయంతి స్కూల్ ఆడిటోరియంలో ఘనంగా జరిగింది. పెద్ద ఫోటో కట్టించి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశాం. లోపల కొబ్బరికాయ కొట్టనివ్వకపోతే పార్కింగ్ లాట్‌లో కొట్టాం. పాత కుటుంబాల ముసలివాళ్లు ముందు వరసలో కూర్చుని, గారెల మధ్యలో చిల్లు ఎందుకుందా అని చూస్తున్నారు.

సార్ మైకు అందుకున్నారు. ఇంగ్లీషులో "కల్నల్ నాకు కజిన్" అన్నారు. తెలుగులో అసలు మాట చెప్పారు. "కులం వచ్చేది తండ్రి నుంచి! కాబట్టి కల్నల్ వంశంలో పుట్టిన ప్రతి బిడ్డా మన బిడ్డే! ఎవరైనా ఉంటే రండి, ఈ శాలువా కప్పి నా గుండెకి హత్తుకుంటాను!"

చప్పట్లు ఆగకముందే వెనక వరసలో అనన్య లేచింది. పక్కనున్న యువకుడి చెయ్యి పట్టుకుని స్టేజీ దగ్గరికి తీసుకొచ్చింది. అబ్బాయి ఆరడుగులవాడు, నల్లజాతివాడు, చక్కగా టై కట్టుకున్నాడు.

"డాడీ, దిస్ ఈజ్ మార్కస్. డాక్టర్ మార్కస్ విట్‌కోంబ్."

"కల్నల్ మా తాతగారికి ముత్తాత, సార్" అన్నాడు అతను ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా. "మా తాతగారి ముత్తవ్వని ఆయన వంటింటి పనికి కొనుక్కున్నారు. పెళ్లి మాత్రం చేసుకోలేదు."

"కాస్ట్ ఫాదర్ నుంచే వస్తుంది, నువ్వే చెప్పావ్ కదా డాడీ" అంది అనన్య. "మనవాడే."

హాలంతా నోరు వెళ్లబెట్టింది. కనకదుర్గ గారు మాత్రం లేచి, పళ్లెంలోంచి శాలువా తీసి, మునివేళ్ల మీద నిలబడి ఆ అబ్బాయికి కప్పేశారు.

సార్ తొణకలేదు. నెమ్మదిగా ఫోటో దగ్గరికి వెళ్లారు. దండ తీశారు. చేతిరుమాలుతో బొట్టు తుడిచారు. నావైపు తిరిగారు.

"రాసుకోవయ్యా. ఈయన మనవాడు కాడు. ఆ ముక్కు చూసినప్పుడే అనుకున్నాను."

రాసుకున్నాను.